మధుమేహికి పాదపరీక్ష ఏది?

కాలి పగుళ్ళకు మందడుగ వచ్చువారికి నేను చెప్పునది ఒక్కటే: ముందు రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనుడు. సుశ్రుతుడు పాదదారి, కదరము అని క్షుద్రరోగములలో చేర్చిన ఈ పగుళ్ళు, ఆనెలు తక్కినవారికి సామాన్య బాధలే. గోరువెచ్చని నీట కడిగి, వేళ్ళ సందులలో తడి తుడిచి, మడమలకు నువ్వులనూనె మర్దించిన చాలును.

మధుమేహికి అట్లు కాదు. పాదము స్పర్శ కోల్పోయిన, మేకు దిగినను తెలియదు. నీటి వేడిని సైతము ఇంట మరొకరు చూడవలసినదే. అట్టి పుండుపై ఆకుపసరు కట్టి పదిదినములు వేచియుండుట వైద్యము కాదు, వేలు పోగొట్టుకొనుట. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను. ఆనెను బ్లేడుతో కోసికొనుటయు అంతే.

మన దేశమున పాదవైద్యము ప్రత్యేక వృత్తిగా స్థిరపడలేదు. జంగారెడ్డిగూడెమున ఏరియా ఆసుపత్రి కలదు. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. పుండు కనిపించిన నాడే సర్జనుకు చూపవలెను. కాని పుండు పడకముందు చూచువారెవరు? షుగరు పరీక్షకు వచ్చినవారి చెప్పులు విప్పించి, నైలాను పోగుతో స్పర్శ చూచుటకు కొద్ది నిమిషములు చాలును. ప్రతి ఆసుపత్రిలోను ఇది జరుగవలెనని నా అభిప్రాయము.

మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు కుష్ఠువ్యాధికి ఇచ్చునవని కొందరు సిగ్గుపడుదురు. స్పర్శలేని పాదమునకు అవియే రక్ష, ఇంటిలోను ధరింపవలెను.