పాతబడింది కంప్యూటరా, కొట్టువాడి లెక్కా?

పిల్లల చదువు కోసమని ఎనిమిదేళ్ళ క్రితమో పదేళ్ళ క్రితమో కొన్న కంప్యూటర్ చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఓ మూల ఉంది. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కాస్త దుమ్ము దులిపారు. పిల్లల చేతికి ఫోన్లొచ్చాక మళ్ళీ గుడ్డ కప్పేశారు. దాని మీద ఇంటావిడ కాసేపు ఏదైనా ఆట ఆడుకుందామనుకుంటే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "ఈ వయసులో నీకెందుకమ్మా గేములు?" అని ఇంట్లోవాళ్ళు. "ఇది పాతదైపోయింది మేడమ్, గేములాడదు, కొత్తది తీసుకోండి" అని రిపేరు కుర్రాడు.

మొదటి మాట సంగతి తర్వాత చూద్దాం. రెండోదానిలో నిజమెంత?

2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 ఉన్న కంప్యూటర్లకు స్టీమ్ తన సేవలు ఆపేసింది. కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ కొట్లలో అదే పెద్దది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు మాత్రం 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. పోనీ విండోస్ 11కి మారదామా అంటే, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరందో ఆ తర్వాతదో ఉండాలట. ఆ ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అంటే అంతకుముందు కొన్న యంత్రాలన్నీ, ఎంత బాగా పనిచేస్తున్నా, గుమ్మం బయటే! దీనికి తోడు ఏఐ కంపెనీల డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోతుండడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. కొత్తది కొనడం సరే, ఉన్నదానికి మెమొరీ పెంచుకోవడం కూడా బరువే అయింది.

ఇక్కడ ఓ చిన్న విషయం గమనించాలి. యంత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలానే ఉంది. నిన్న ఆడిన ఆట ఇవాళా ఆడగలదు. స్టీమ్ చెప్పిన కారణమేమిటంటే, తమ కొట్టు కిటికీ లోపల గూగుల్ క్రోమ్ బ్రౌజర్ ఉందనీ, అది పాత విండోస్‌లో పనిచెయ్యదనీను. అంటే ముసలిదైంది ఆట కాదు, ఆటలమ్మే కొట్టు తలుపు. డబ్బిచ్చి కొన్న సరుకు మన ఇంట్లోనే ఉన్నా తాళంచెవి మాత్రం అమ్మినవాడి దగ్గరే ఉండడం ఏం న్యాయమో నాకర్థం కాదు. యూబీసాఫ్ట్ కంపెనీ 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేస్తే, అది కొన్నవాళ్ళెవరూ ఇక ఆడలేకపోయారు. దాంతో మొదలైన అలజడి ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాల దాకా వెళ్ళింది. 'గేములే కదా' అని తీసిపారెయ్యకండి. రేపు పుస్తకాలకైనా పాటలకైనా ఇదే లెక్క వర్తిస్తుంది.

దీనికి విరుగుడు ఉంది. గాగ్ అని మరో కొట్టు. పోలండ్ దేశపు సీడీ ప్రాజెక్ట్ వాళ్ళు 2008లో తెరిచారు. అక్కడ కొన్న ఆటను పూర్తిగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా ఎక్కించుకోవచ్చు, తాళాలుండవు. అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌కి ఇదే క్షేమం. దానికి నెట్ తీసేసి, బ్యాంకు పనులూ ఓటీపీలూ దాని దగ్గరకి రానివ్వకుండా, ఆటల పెట్టెగా ఉంచేసుకోవడం. పక్కింటబ్బాయి ఊరికే ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోని దొంగ కాపీలు మాత్రం వద్దు. వాటితో పాటు ఏ వైరస్ దిగుతుందో ఆ అబ్బాయికీ తెలీదు.

సరే, ఇంతకీ ఏం ఆడాలి? అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? తుపాకులు, కార్లు, ఫుట్‌బాల్! మనకేం కావాలో మనల్నెవరూ అడగరు. చీరల కొట్టులోనైనా "ఎలాంటిది కావాలమ్మా, కాటనా, పట్టా?" అని అడుగుతారు కదా. ఆటలకూ అలాగే ముందు మన రుచి తెలియాలి. తొందర పెట్టేదా, తీరిగ్గా ఆడేదా? గెలవాలా, కథ తెలిస్తే చాలా? పప్పు కుక్కర్‌లో పెట్టి అరగంట ఆడేదా, పిల్లలు పడుకున్నాక రెండు గంటలు కూర్చునేదా? వీటికి జవాబులు తెలిస్తే వెతకడం సగమైనట్టే. విశేషమేమిటంటే మనలో చాలామందికి నచ్చే నెమ్మది ఆటలకే యంత్రం బలం తక్కువ కావాలి.

కథలిష్టమైతే 'వెన్బా' చూడండి. కెనడాలోని టొరంటోలో ఉన్న విసాయ్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2023లో తెచ్చింది. 1980ల్లో కెనడా చేరిన ఓ తమిళ ఇల్లాలు, ఇంట్లో అమ్మ భాష మాట్లాడ్డానికి సిగ్గుపడే కొడుకు, అమ్మ ఇచ్చిన చిరిగిపోయిన వంటల పుస్తకం. చెరిగిపోయిన మాటల్ని ఊహించుకుంటూ వండడమే ఆట. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పేరిస్తే ఆవిరి ఆడుతుందన్నది అందులో ఓ చిక్కుముడి! మనకు పుట్టుకతో వచ్చిన విద్యకి ప్రపంచంలో వాళ్ళంతా తలలు గోక్కుంటుంటే కాస్త గర్వంగానే ఉంటుంది. గంటన్నరలో అయిపోతుంది, కానీ కొడుకును అమెరికా పంపిన తల్లులకు ఆ గంటన్నర అంత తేలిక కాదు.

డిటెక్టివ్ నవలలు నమిలి మింగినవాళ్ళకి 2015లో శామ్ బార్లో చేసిన 'హర్ స్టోరీ'. భర్త కనబడకుండా పోయిన ఒకామెను పోలీసులు ప్రశ్నించిన వీడియో ముక్కలు వందలకొద్దీ ఉంటాయి. మీరో మాట టైప్ చేస్తే, ఆమె ఆ మాట అన్న ముక్కలు వస్తాయి. కాల్చడాలూ పరిగెత్తడాలూ ఏమీ లేవు, వినడమే. ఆమె ఏం చెప్పింది, ఏం దాచింది అని చెవి రిక్కించి వినడం మనకి కొత్తా!

మొక్కల పిచ్చి ఉంటే 'స్టార్డ్యూ వ్యాలీ'. ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని చేసిన ఈ పల్లెటూరి వ్యవసాయపు ఆట 2016లో వచ్చింది. 2024 చివరికి 4 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2 జీబీ ర్యామ్ చాలు. పజిళ్ళు కావాలంటే సైమన్ టాథమ్ అనే ఇంగ్లాండు ప్రోగ్రామర్ ఉచితంగా పెట్టిన సుమారు 40 పజిళ్ళ పొట్లం ఎంత పాత యంత్రం మీదైనా నడుస్తుంది. పేకాటలో ఒంటరి ఆటలకి 'పైసోల్' ఉంది, అదీ ఉచితమే. ఈ రెంటిలోనూ ప్రకటనలు లేవు.

ప్రకటనలంటే గుర్తొచ్చింది. కంప్యూటర్ మూలన పడ్డాక మనం ఫోన్లో ఆడుతున్నవేమిటి? 'ఉచితం' అన్న ఆటలు. నిమిషానికో ప్రకటన, ఐదు ప్రాణాలు అయిపోతే ఆగమనడం, ఆగలేకపోతే నాణేలు కొనమనడం. డబ్బు పందెం ఆటల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందెం ఆటల్నీ వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. ఆ ఊబిలో జీతాలూ నగలూ పోయిన ఇళ్ళు మనకి తెలుసు. కానీ పందెం లేకుండా చిల్లరచిల్లరగా లాగే నాణేల ఆటలు ఆ చట్టం కిందికి రావు. ఒకసారి ఐదారొందలు పెట్టి కొన్న కంప్యూటర్ ఆట ఏళ్ళ తరబడి మళ్ళీ పైసా అడగదు. 'దుబారా' ఏదో మీరే చెప్పండి.

ఇక "నీకెందుకు గేములు" అన్న మాట. 1980లో కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల తల్లి, రోబెర్టా విలియమ్స్, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఓ హత్యల కథ అల్లి బొమ్మలు గీసింది. భర్త కెన్ దాన్ని ఆపిల్ కంప్యూటర్‌కి ఎక్కించాడు. 'మిస్టరీ హౌస్' అన్న ఆ ఆటతోనే బొమ్మలున్న సాహస కథల ఆటలు మొదలయ్యాయి. తర్వాత ఆవిడ 1984 నుంచి రాసిన 'కింగ్స్ క్వెస్ట్' ఆటలు గాగ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సాయంతో అవి ఏ పాత పెట్టె మీదైనా నడుస్తాయి. ఈ కళకి దారి వేసింది ఒక ఇల్లాలైతే, ఆడడానికి మాత్రం మనం ఎవరి అనుమతి అడగాలండీ?

కొనేముందు ఓ పని చెయ్యండి. కంప్యూటర్ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, 32 బిట్టా 64 బిట్టా అన్నది కనిపిస్తుంది. అవి ఓ చీటీ మీద రాసుకోండి. ప్రతి ఆట పేజీ అడుగున కనీస అవసరాలు అని ఓ పట్టిక ఉంటుంది, చీటీతో సరిచూడండి. గ్రాఫిక్స్ కార్డ్ విడిగా కావాలని అందులో ఉంటే ఆ ఆట వదిలెయ్యడం మేలు, ఇంటి కంప్యూటర్లలో అది సాధారణంగా ఉండదు. విండోస్ 10 ఉండి స్టీమ్‌లో కొంటే 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే, నచ్చకపోయినా నడవకపోయినా డబ్బు వాపసు అడగొచ్చు. అయితే 32 బిట్ అని కనబడితే స్టీమ్ జోలికి వెళ్ళకండి, వాటికి 2026 జనవరి 1 నుంచి ఆ తలుపూ మూశారు. పెన్‌డ్రైవ్‌లో దాచుకునే ఆటలు మాత్రం 32 బిట్ పెట్టె మీద నడిచేవి బోలెడున్నాయి, కొన్నప్పుడు ఆ మాట ఒక్కటి చూసుకోండి.