పంపు సీలు తెంచితే బలం రాదు, పొగ వస్తుంది

సార్వా దమ్ములు మొదలయ్యే రోజుల్లో ట్రాక్టరు యజమానులు మెకానిక్కును అడిగే కోరిక ఒకటుంది: "పంపు కాస్త పెంచు". ఇంజనుకు డీజిలు అందించే పంపుకు కంపెనీవారు వేసిన సీలు తెంచి, స్క్రూ తిప్పి, ఎక్కువ డీజిలు పోయేటట్టు చేయడమే దీని అర్థం.

ఈ కోరికకు కారణం లేకపోలేదు. గుడివాడ, బందరు, దివిసీమ నల్లభూముల్లో ఇనుప చక్రాలతో దమ్ము చేయడం ఇంజనుకు గట్టి పని. కాలువకు నీరు రాగానే ఊరంతా ఒకేసారి ఊడ్పులకు దిగుతుంది. బాడుగకు తిప్పే యజమానికి వేగమే ఆదాయం. అయినా ఈ పద్ధతి మంచిది కాదు. డీజిలు ఖర్చు పెరిగితే ఆ భారం చివరకు బాడుగ రూపంలో రైతు మీదే పడుతుంది. అదను మధ్యలో ఇంజను కూలబడితే నారు ముదిరేదీ రైతుదే.

గాలి లేని డీజిలు

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి సుమారు 12 కిలోల గాలి కావాలి. అంటే దాదాపు 10 ఘనపు మీటర్లు. స్క్రూ తిప్పితే డీజిలు పెరుగుతుందే గాని సిలిండరులోకి వచ్చే గాలి పెరగదు. మొదట కొంత బలం వచ్చినట్టు కనిపిస్తుంది. ఆపైన పోసినది సగం కాలి నల్లపొగగా పోతుంది. వేడి హెచ్చి పిస్టన్లు, వాల్వులు దెబ్బతింటాయి.

పందెపు కార్లకు పెద్ద పంపులు వేస్తారు గదా అని కుర్రవాళ్ళు అడగవచ్చు. ఆ కార్లకు టర్బో ఉంటుంది. బయటికి పోయే పొగ ఊపుతోనే చిన్న చక్రాన్ని తిప్పి, గాలిని అదిమి ఇంజనులోకి పంపే సాధనమది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందారు. అక్కడ గాలి పెరిగింది గనుక ఇంధనమూ పెంచవలసి వచ్చింది. టర్బో లేని ట్రాక్టరుకు ఆ పోలిక చెల్లదు. టర్బోతో వచ్చిన ట్రాక్టరుకు పంపు కొలత కంపెనీలోనే అమర్చి ఉంటుంది.

ముందు చూడవలసినవి

బలం తగ్గిందనిపిస్తే మొదట ఎయిర్ క్లీనరు, డీజిలు ఫిల్టరు, నాజిళ్ళు, వాల్వుల సందు చూడాలి. పంపు లోపలి ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కన ఉంటుంది. చెరువు గట్ల మీద డ్రముల్లో నిలవ ఉంచిన డీజిలులో తేమ చేరితే అది తుప్పు పట్టి అరిగిపోతుంది. కోడూరు, నాగాయలంక వంటి తీరప్రాంతాలవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. అరిగిన పంపును టెస్టు బెంచి మీద పెట్టి కంపెనీ కొలతకు సరిచేయించడం మరమ్మతు. చెవితో విని స్క్రూ తిప్పడం మరమ్మతు కాదు.

గిలకలదిండి నుంచి వేటకు పోయే మరపడవలకు ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. పొలంలో ఇంజను ఆగితే మరో ట్రాక్టరు దొరుకుతుంది. నడిసముద్రంలో ఆగితే పడవలోని వారందరికీ ముప్పే.

చేయవలసినది

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. సార్వా పనులు మొదలయ్యేదీ ఆ తర్వాతే. ఆ రెండు నెలల్లో వ్యవసాయ, మత్స్యశాఖల అధికారులు మండల కేంద్రాల్లో ఇంజన్ల తనిఖీ శిబిరాలు పెట్టడం సమంజసం. పంపు బాగుచేసిన ప్రతి షెడ్డూ టెస్టు బెంచి మీద వచ్చిన కొలత రాసి చీటీ ఇవ్వాలి. ఆ చీటీ అడిగి తీసుకోవడం యజమానుల బాధ్యత.

దమ్ము చేయించుకునే రైతులు కూడా నల్లపొగ కక్కే ట్రాక్టరును చూసి బలమైన బండి అని మురిసిపోరాదు. గాలిలో కలుస్తున్నది వారు కట్టే బాడుగే.