మీ గదిలో సువాసన హీరో ఎవరు?

గోడ మీద అభిమాన హీరో పోస్టరు అంటించారు, సరే! మరి గదిలో ఆ ముక్కిపోయిన వాసన మాటేమిటండీ?

సంక్రాంతి దాటాక భీమ్‌గల్ వైపు వెళ్లి చూడండి. పసుపు ఉడికేచోట గాలంతా ఘుమఘుమే! అది కొమ్ములోని తైలం మహిమ. పసుపు ఆకులోనూ తైలం ఉంటుంది.

ఇంట్లో చల్లుకోడానికి నీలగిరి తైలమో, నిమ్మగడ్డి నూనో నాలుగు చుక్కలు నీళ్లలో వేస్తే చాలు. అయితే నూనె, నీళ్లు హీరో, విలన్ లాంటివి. ఒక పట్టాన కలవవు! చల్లే ముందు ప్రతిసారీ సీసా బాగా కుదపాల్సిందే. దీపం, స్టవ్ దగ్గర మాత్రం వద్దు, తైలానికి నిప్పంటుకుంటుంది. ఇంట్లో పిల్లి గాని, ఉబ్బసం ఉన్నవారు గాని ఉంటే అసలు జోలికే పోకండి.

దోమలంటారా? వాసన ఆట కాసేపే. దోమతెర ఆట తెల్లవార్లూ!