గది కట్టే ముందు కాగితం

చలికాలం వచ్చిందంటే అరకులో గదులు దొరకవు. ఇంటిపక్కన రెండు గదులు వేసి పర్యాటకులకు ఇస్తే నాలుగు రాళ్లు వస్తాయని ఊళ్లోవాళ్లు ఆశపడటం సహజమే. ప్లాను గీయడానికి ఇంజినీరు, అనుమతికి పంచాయతీ... మైదానంలో అయితే దాదాపు అంతే. ఇక్కడ మాత్రం ముందు నేల సంగతి చూడాలి.

అరకు షెడ్యూల్డు ప్రాంతం. 1959నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. అదే అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే చట్టం. దాని ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి వీల్లేదు, అమ్మేది మరో గిరిజనేతరుడైనా సరే. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, దానం కూడా బదలాయింపు కిందికే వస్తాయి. అందుకే 'డబ్బు నేను పెడతా, పదేళ్లు నాకు లీజుకివ్వు' అంటూ పట్నంనుంచి వచ్చినాయన గిరిజనుడితో రాయించుకునే ఒప్పందం చెల్లదు. స్టాంపు కాగితం ఎంత ఖరీదైనదైనా అంతే! తగాదా వస్తే పట్నమాయన కారెక్కి వెళ్లిపోతాడు, కోర్టు వాయిదాలు ఇంటాయనకు మిగులుతాయి. పంచాయతీ ప్లానుకు సరేనన్నా నేలమీద హక్కు పుట్టదు.

ఈ విషయంలో ప్రభుత్వానికీ మినహాయింపు లేదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 1997లో వచ్చిన 'సమత' తీర్పులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది.

అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అయితే పిల్లలకు దక్కుతుంది కానీ అమ్మడానికి కుదరదు. గిరిజన కుటుంబం తన నేలలో, తన డబ్బుతో గది వేసుకోవడానికి మాత్రం వన్ ఆఫ్ సెవెంటీ అడ్డురాదు.