సంతకానికి ముందు సీసీ గది

జిల్లాకు కొత్త కలెక్టరు వస్తున్నారన్న వార్త పొక్కిన రోజునే కలెక్టరేట్ వరండాల్లో మరో ప్రశ్న బయలుదేరుతుంది. కొత్త సారుకు సీసీ ఎవరు? పాతాయననే కొనసాగిస్తారా, మరొకరిని పిలిపించుకుంటారా? తహసీల్దార్ల నుంచి గుత్తేదార్ల వరకు, సంఘాల నాయకుల నుంచి విలేకరుల వరకు అందరికీ ఈ జవాబు కావాలి. జీతాల పట్టికలో ఎక్కడో మధ్యన ఉండే ఒక ఉద్యోగి గురించి ఇంతమంది ఆరా తీయడం బయటివారికి విచిత్రంగా తోచవచ్చు. జిల్లా పాలన నడిచే తీరు ఎరిగినవారికి ఇందులో వింతేమీ లేదు.

సీసీ అంటే క్యాంపు క్లర్కు అని కొందరు, కాన్ఫిడెన్షియల్ క్లర్కు అని మరికొందరు విడమర్చి చెబుతారు. ఆచరణలో ఈ రెండు పనులూ ఒకే మనిషి మీద పడుతున్నాయి. కలెక్టరుకే కాదు, ఎస్పీకి, జాయింట్ కలెక్టరుకు, సచివాలయంలో కార్యదర్శులకు కూడా ఇటువంటి ఆంతరంగిక సహాయకులు ఉంటారు. పేర్లు మారుతాయి గానీ పని స్వభావం ఒకటే. అధికారి చూడవలసిన కాగితాన్ని చూడవలసిన వేళకు ముందుంచడం, అధికారి తప్ప మరొకరు చూడకూడని దాన్ని కాపాడడం ఆయన పని.

రెండు కవర్ల మర్మం

మామూలు తపాలు ఇన్‌వార్డు విభాగంలో నమోదై సెక్షన్లకు వెళ్తుంది. రహస్య తపాలు దారి వేరు. దాన్ని రెండు కవర్లలో పెడతారు. పై కవరు మీద చిరునామా మాత్రమే ఉంటుంది. లోపలి కవరు మీద అధికారి పేరు, రహస్యం అన్న ముద్ర, లక్క సీలు ఉంటాయి. ఇది సెక్షన్ల గడప తొక్కకుండా నేరుగా పేషీకి చేరుతుంది. దీనికి రిజిస్టరు వేరు, బీరువా వేరు, తాళంచెవి వేరు. శాంతిభద్రతల నివేదికలు, ముందస్తు నిర్బంధ ఉత్తర్వుల చిత్తుప్రతులు, ఉద్యోగుల మీద విచారణ పత్రాలు, ఎన్నికల వేళ వచ్చే ఆదేశాలు, కార్యదర్శులకు కలెక్టరు స్వయంగా రాసే డీవో లేఖలు అన్నీ ఈ దారినే నడుస్తాయి. ఒకప్పుడు షార్ట్‌హ్యాండ్ వచ్చిన స్టెనోలకే ఈ కుర్చీ దక్కేది. ఇప్పుడు కంప్యూటరు మీద తెలుగు, ఇంగ్లీషు రెండూ తప్పుల్లేకుండా కొట్టగలిగి, నోరు కట్టుకోగలిగినవారిని ఏరుకుంటున్నారు. ఈ రెండింటిలో రెండోదే కరువు.

అయితే సీసీ అసలు బలం రహస్య బీరువాలో కంటే అధికారి బల్ల మీద ఎక్కువగా ఉంది. సాయంత్రానికి క్యాంపు కార్యాలయానికి చేరే ఫైళ్ల దొంతరలో పైన ఉన్నది ఆ రాత్రికే సంతకమవుతుంది. అడుగున ఉన్నది వారం దాటినా కదలదు. దొంతర పేర్చేది సీసీ. సందర్శకుల చీటీలు లోపలికి తీసుకెళ్లేది డఫేదారే అయినా, ఏ చీటీ ముందు, ఏది వెనుక అన్నది సీసీ కనుసన్నల్లోనే జరుగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతను కలెక్టరేట్ ఆవరణలో విన్నంతగా గుడి ఆవరణలో కూడా వినబోము. సామెతలో కొంత అన్యాయం ఉందన్న సంగతి తరువాత చూద్దాం.

సిరస్తదార్ల కాలం నుంచి

ఇది నేటి జబ్బు కాదు. కుంఫిణీ పాలనలో మద్రాసు రాజధాని కలెక్టర్లు తెలుగు రాకుండా వచ్చి, ఊళ్ల పేర్లు నోటికి పట్టేలోగానే బదిలీ అయ్యేవారు. హుజూరు కచేరీలోని సిరస్తదారు మాత్రం దశాబ్దాల తరబడి అక్కడే ఉండేవాడు. లెక్కలు ఆయన వద్ద, గుమాస్తాలు ఆయన బంధువర్గం. గుంటూరు జిల్లా ఇందుకు పేరుపడిన ఉదాహరణ. 1832-33 నాటి కరువులో అంత జనం నశించిన తరువాత అక్కడి శిస్తు లెక్కలు ఏళ్ల తరబడి కుదురుకోలేదు. 1845లో వాల్టర్ ఇలియట్‌ను ప్రత్యేకంగా విచారణకు పంపారు. శిస్తు సొమ్ము ఎక్కడెక్కడ ఇంకిపోయిందో, కచేరీ సిబ్బంది తమలో తాము కట్టుగా ఉండి దొరలకు నిజం అందనీయకుండా ఎలా అడ్డుకున్నారో 1846లో ఆయన ఇచ్చిన నివేదిక బయటపెట్టింది. చివరకు 1859లో గుంటూరు జిల్లానే రద్దుచేసి పొరుగున కలిపేశారు. మళ్లీ 1904లో గానీ అది జిల్లా కాలేదు. నేటి సీసీని నాటి సిరస్తదారుతో సరిపోల్చడం అతిశయోక్తే. సీసీకి శిస్తు వసూలు లేదు, సొంత గుమాస్తాల సైన్యమూ లేదు. పోలిక ఒక్కచోటే ఉంది. పై అధికారి రెండేళ్లకు కదులుతాడు, పక్కనున్నవాడు నిలుస్తాడు. నిలిచినవాడికి తెలిసినంత కదిలేవాడికి తెలియదు.

రహస్యం అమ్ముడుపోతే ఏమవుతుందో 1985లో దేశం చూసింది. ఆ ఏడాది జనవరిలో ప్రధాని కార్యాలయం నుంచి, రక్షణ తదితర శాఖల నుంచి కీలక పత్రాల నకళ్లు కూమర్ నారాయణ్ అనే వ్యాపార ప్రతినిధి ద్వారా విదేశీయుల చేతికి పోతున్న వైనం బయటపడింది. పత్రాలు చేరవేసినవారు పెద్ద అధికారులు కారు. వ్యక్తిగత సహాయకులు, కార్యాలయ సిబ్బంది. ప్రధాని రాజీవ్ గాంధీకి ప్రిన్సిపల్ సెక్రటరీగా ఉన్న పి.సి.అలెగ్జాండర్ తన కార్యాలయ సిబ్బంది పేరు అందులో రావడంతో పదవి నుంచి తప్పుకొన్నారు. కేసు తేలేసరికి 2002 వచ్చింది. అప్పటికి నారాయణ్ బతికి లేడు. పదమూడు మందికి శిక్ష పడింది. జిల్లాలో గూఢచారులు ఉండరు కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. జిల్లా రహస్యాలకు వేరే గిరాకీ ఉంది.

భూమి దగ్గరే అసలు నష్టం

ఆ గిరాకీ భూమి దగ్గర కనిపిస్తుంది. జాతీయ రహదారికి బైపాస్ ఎటు వెళ్తుందో, కొత్త జిల్లా కార్యాలయాల సముదాయం ఎక్కడ కడతారో, కాలువ ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో అధికారిక ప్రకటనకు ముందే తెలిసేది పది మందికి లోపే. 2013 నాటి భూసేకరణ చట్టం పదకొండో సెక్షను ప్రకారం ప్రాథమిక ప్రకటన వెలువడిన తరువాత ఆ భూముల క్రయవిక్రయాల మీద నిషేధం ఉంది. ప్రకటనకు ముందు లేదు. రేకుల పెట్టెలో పాసు పుస్తకం దాచుకున్న మెట్ట రైతు దగ్గరకు హఠాత్తుగా ఒక పెద్దమనిషి వచ్చి మార్కెట్ ధర కంటే ఎకరానికి కొంచెం ఎక్కువే ఇస్తానంటే ఆ రైతు సంతోషంగా సంతకం చేస్తాడు. ఆరు నెలలకు ప్రకటన వస్తుంది. నిర్ణయించిన విలువకు సమానంగా నూటికి నూరు శాతం సొలేషియం కలిపి ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ సొమ్ము దక్కేది కొన్నవాడికి. రైతు తరఫున కోర్టుకు వెళ్లడానికి కూడా కారణం కనిపించదు. అమ్మకం ఇష్టపూర్వకం, దస్తావేజు సక్రమం.

ఇటువంటి లీకు ప్రతిదీ సీసీ గది నుంచే అని అనడం తప్పు. సర్వేయర్లకు తెలుస్తుంది, ఇంజినీర్లకు తెలుస్తుంది, నాయకులకు అందరికంటే ముందు తెలుస్తుంది. కానీ సమాచారం ఎవరి ద్వారా పోయిందో కనుక్కోవడానికి ఏ ఫైలు ఎవరి చేతిలో ఎంతసేపు ఉందన్న లెక్క ఉండాలి. కాగితం ఫైళ్ల రోజుల్లో అది అసాధ్యం. ఈ-ఆఫీస్ వచ్చాక ఫైలు కదలికలు తేదీ, సమయంతో సహా నమోదవుతున్నాయి. ఇక్కడ మరో చిక్కు వచ్చిపడింది. పని ఒత్తిడిలో అధికారులు తమ డిజిటల్ సంతకం తాళాన్ని, పాస్‌వర్డును సహాయకులకు అప్పగించే అలవాటు కొన్ని కార్యాలయాల్లో ఉందన్నది బహిరంగ రహస్యమే. ఆ తాళం ఇతరుల చేతికి పోకుండా జాగ్రత్తపడవలసిన బాధ్యత దాని సొంతదారుదేనని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం నలభై రెండో సెక్షను చెబుతోంది. వెనుకటికి సీసీ ఫైలును ఆపగలిగేవాడు, ముందుకు నెట్టగలిగేవాడు. సంతకం చేయగలిగేవాడు కాదు. తాళం ఇచ్చినచోట ఆ ఒక్క గీత కూడా చెరిగిపోయింది. భూమి రికార్డులు, పింఛన్లు, నిధుల విడుదల అన్నీ తెర మీదకు ఎక్కిన నేడు దీన్ని చిన్న అలవాటుగా చూడరాదు.

కుర్చీకి అవతలి వైపు

ఇక సామెతలోని అన్యాయం గురించి. సీసీ పనికి వేళలు లేవు. కలెక్టరు ఉదయం ఆరింటికి పారిశుద్ధ్య తనిఖీకి బయలుదేరితే ఐదింటికి ఫోను మోగుతుంది. తుపాను కాలంలోనూ, ఎన్నికల నెలల్లోనూ ఇంటి ముఖం చూడడమే గగనం. ఈ అదనపు పనికి అదనపు జీతమేమీ ఉండదు. పక్కింట్లో ఉండే తోటి ఉద్యోగి మీద సస్పెన్షన్ ఉత్తర్వు తన చేత్తోనే టైపు చేసి, సాయంత్రం అదే మనిషితో ఏమీ ఎరగనట్టు టీ తాగాలి. సారు ఎవరినైనా కలవకూడదనుకుంటే ఆ మాట సారు అనరు, సీసీ అనాలి. తిట్లు కూడా ఆయనకే. కలెక్టరు బదిలీ అయిన మర్నాడు మాత్రం నిన్నటిదాకా నమస్కారాలు పెట్టినవారు ముఖం తిప్పుకుంటారు. కొత్త అధికారి వద్దంటే సెక్షనుకు తిరిగి వెళ్లి, తనపై కినుక పెంచుకున్న సహోద్యోగుల మధ్య కూర్చోవాలి. నిజాయతీగా పనిచేసి వెళ్లిపోయినవారి గురించి ఎవరూ చెప్పుకోరు. ఇది ఈ ఉద్యోగానికి ఉన్న శాపం.

వ్యక్తుల మంచిచెడ్డల మీద ఆధారపడడమే ఇక్కడి అసలు లోపం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. 2019లో మరో రెండు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి. కొత్త కలెక్టరేట్లకు పాత జిల్లాల సిబ్బందిని సర్దారు. ఇంత పునర్వ్యవస్థీకరణలోనూ సీసీని ఎలా ఎంపిక చేయాలి, ఎన్నేళ్లు ఉంచాలి, ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న చర్చ మాత్రం వినిపించలేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ప్రతి కార్యాలయం తన అధికారుల, ఉద్యోగుల అధికారాలు, విధులు తనంతట తానే ప్రకటించాలి. సీసీ కూడా ఉద్యోగే. ఆయన విధులను, సందర్శకుల క్రమాన్ని నిర్ణయించే పద్ధతిని రాసి గోడకు అంటిస్తే ప్రభుత్వ రహస్యమేదీ బయటపడదు.

రహస్యం అన్న మాటకు హద్దులు ఎంతగా కుదించుకుపోయాయో గుర్తుచేయడం అవసరం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దాన్ని రద్దుచేయాలని వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే సిఫారసు చేసింది. ఆ చట్టంతో విభేదం వచ్చినచోట తనదే పైచేయి అని సమాచార హక్కు చట్టం ఇరవై రెండో సెక్షను చెబుతోంది. ఉద్యోగుల రహస్య నివేదికలు కూడా పాత రోజుల్లోలా లేవు. వ్యతిరేక వ్యాఖ్యలే కాదు, ప్రతి వ్యాఖ్యనూ సంబంధిత ఉద్యోగికి తెలపాల్సిందేనని దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు ఇచ్చింది. అఖిల భారత సర్వీసుల వారికి రహస్య నివేదికల స్థానంలో పనితీరు మదింపు నివేదికలు 2007లోనే వచ్చాయి. కనుక నిజంగా దాచవలసినవి ఇక కొన్నే. ఆ కొన్నింటిని గట్టిగా దాచాలి. మిగిలినవాటి మీద రహస్యం ముద్ర వేసి వరండాలో జనాన్ని నిలబెట్టడం తగదు.

సోమవారం తెలంగాణలో ప్రజావాణిలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ కలెక్టర్లు నేరుగా అర్జీలు తీసుకుంటున్నారు. ఆ రోజు సీసీ గది దాటవలసిన పని ఉండదు. మిగిలిన రోజుల్లో ఇచ్చిన కాగితం ఏమైందో తెలియక తిరిగేవారు అర్జీ ఇచ్చినప్పుడే రసీదు అడిగి తీసుకోవాలి. తమ అర్జీ ఏ తేదీన ఏ సెక్షనుకు వెళ్లింది, ఎవరి వద్ద ఎన్నాళ్లు ఉంది అని కలెక్టరేట్‌లోని పౌర సమాచార అధికారిని సమాచార హక్కు కింద అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకుంటే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మరో కాగితం పెట్టుకోవచ్చు.