సైకిలు నిలపడానికి చోటు లేదు, జరిమానాకు చీటీ మాత్రం సిద్ధం!



తిరువళ్ళూరు నడిబొడ్డున ఉన్న బస్టాండుకు తిరు.వి.క. పేరు పెట్టారు. మన పిల్లలకు ఆయన తమిళ పండితుడిగా తెలుసు. మనకు ఇంకో విధంగా తెలియాలి. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బి. అండ్ సి. మిల్లు కార్మికులు పెట్టుకున్న మద్రాసు లేబర్ యూనియన్‌లో బట్టల మిల్లు కూలీల పక్షాన నిలబడిన నాయకుడాయన. ఆయన పేరు గల బస్టాండుకు తెల్లవారుజామున షిఫ్టుకు పోయే మనిషి సైకిలు మీద వస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలి? ఎంత కట్టాలి? పక్కన పెట్టి పోతే సాయంత్రానికి అది అక్కడే ఉంటుందా? బోర్డు మీద పేరు రాసినవాళ్ళు ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయలేదు.

ఇది చిన్న విషయం కదా, కూలి రేట్లు, బోనసు ఉండగా ఈ సైకిలు గొడవ ఎందుకు అని కొందరు అడుగుతారు. స్టాండు రుసుము ఎక్కడినుంచి వస్తుంది? కూలిలోనుంచే. పోలీసు రాసిన చీటీ డబ్బు? అదీ కూలిలోనుంచే. యాజమాన్యంతో నెలల తరబడి పోరాడి తెచ్చుకున్న పెంపుదలను ఊరు వీధిలోనే లాగేసుకుంటే అది కూలి సమస్య కాక మరేమిటి?

చట్టం ఏమంటుందో చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమల్లోకి వచ్చింది. దాంతో చేర్చిన 12వ షెడ్యూలులో మునిసిపాలిటీల పనులు 18 ఉన్నాయి. అందులో 17వది చదవండి: వీధి దీపాలు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్సు స్టాపులు, మరుగుదొడ్లు, ఇవన్నీ ఒకే వరుసలో రాశారు. అంటే బండి నిలిపే చోటు వీధి దీపం లాంటిది. దీపం కింద నడిచినందుకు ఎవరూ మన దగ్గర డబ్బు వసూలు చెయ్యరు కదా!

జరుగుతున్నదేమిటి? బస్టాండు సైకిల్ స్టాండును, కట్టణ మరుగుదొడ్డిని వేలం వేస్తారు. ఎక్కువ పాట పాడినవాడికి కాంట్రాక్టు. వాడు పాడిన సొమ్మును, దానిపైన తన లాభాన్ని, రోజూ వచ్చిపోయే మన దగ్గరే రాబట్టుకోవాలి. పాట ఎంత పెరిగితే కౌన్సిల్లో అంత చప్పట్లు. ఆదాయం పెరిగిందట! ఎవరి ఆదాయం తగ్గి అది పెరిగిందో అడిగే సభ్యుడు ఉండడు. కారు ఉన్నవాడు ఈ స్టాండుకు రాడు. సొంత స్థలంలో పెట్టుకుంటాడు, లేదంటే వీధిలో ఊరికే పెట్టుకుంటాడు. కనుక ఇది ఇంటి పన్ను, వృత్తి పన్నులాగా పేరు పెట్టని పన్ను. కట్టేది కాలినడకవాళ్ళు, సైకిలువాళ్ళు, పాత మోపెడ్ వాళ్ళు మాత్రమే.

ప్రజాభవనాల సంగతీ ఇలాంటిదే. ఖాళీ స్థలం చిక్కితే పాలకులకు ముందు గుర్తొచ్చేది అద్దె వచ్చే అంగళ్ళ కాంప్లెక్సు. దాని కింద బండ్లకు చోటు వదలాలని 2019లో వచ్చిన తమిళనాడు ఉమ్మడి భవన నిబంధనలు చెబుతాయి. కాగితం మీద గీసిన ఆ చోటు కట్టడం పూర్తయ్యాక గోడౌను అయిపోవడం ఏ ఊళ్ళో లేదు? కల్యాణ మండపాలు చూడండి. ముహూర్తం రోజున వీధి వీధంతా వాళ్ళ పార్కింగే. ఆ రోజు జరిమానా పుస్తకం పోలీసు జేబులోంచి బయటికి రాదు.

ఇప్పుడు ఆ జరిమానా లెక్క. మోటారు వాహనాల చట్టం 1988లో 117వ సెక్షను ఉంది. బండ్లు ఎక్కడ నిలపవచ్చో ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ, స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించవచ్చని అందులో ఉంది. మన ఊళ్ళలో ఆ సెక్షను తలకిందులుగా నడుస్తోంది. నిలపకూడదు అనే బోర్డు ముందు వస్తుంది, నిలిపే చోటు వెనక ఎప్పుడో వస్తుంది, లేదా రానే రాదు. 177వ సెక్షను కింద ఒకప్పుడు 100 రూపాయలుగా ఉన్న జరిమానా 2019 సవరణతో మొదటిసారికి 500, మళ్ళీ చేస్తే 1500 అయింది. తమిళనాడులో పెంచిన జరిమానాలు 2022 అక్టోబరు నుండి వసూలవుతున్నాయి. కారు యజమానికి 500 ఒక పూట హోటలు ఖర్చు. మీటరుకు ఇంత అని నేసిన గుడ్డకు కూలి తీసుకునేవాడికి అది ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. అందరికీ ఒకే జరిమానా న్యాయంగానే కనిపిస్తుంది, బరువు మాత్రం ఒకటి కాదు.

మనవాళ్ళు కూడా బండ్లు అడ్డదిడ్డంగా పెడతారే అంటారు. పెడతారు. చోటు చూపించండి, ఆ తర్వాత కూడా అడ్డంగా పెడితే చీటీ రాయండి, ఎవరూ అడ్డుపడరు.

పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, ఆర్.కె.పేట వీధుల సంగతి వేరే చెప్పాలి. అక్కడ వీధి అంటే దారి మాత్రమే కాదు, పనిచోటు. చేమగ్గాల వాళ్ళు పొద్దున్నే పడుగు చాచి గంజి పెట్టింది వీధిలోనే. మరమగ్గాలు వచ్చాక నూలు బేళ్ళు దించేది, బీములు ఎక్కించేది, నేసిన లుంగీల మూటలు పోయేది ఆ వీధిలోనే. ఇంటిలోనే మగ్గం ఉంది కనుక వాకిలే ఫ్యాక్టరీ గేటు. మరమగ్గాలకు రెండు నెలలకు 750 యూనిట్లుగా ఉన్న ఉచిత కరెంటును ప్రభుత్వం 2023లో 1000 యూనిట్లకు పెంచింది, సంతోషం. మగ్గం తిరగడానికి కరెంటు ఇచ్చిన ప్రభుత్వమే ఆ మగ్గానికి నూలు దించే బండికి పది నిమిషాలు నిలిచే హక్కు ఇవ్వకపోతే ఎట్లా? సరుకు దించుకునే వేళలు, చోట్లు నేత వీధులకు రాసి పెట్టాలి. పెద్ద నగరాల్లో టోకు బజార్లకు ఇటువంటి వేళలు ఉన్నాయి. మనకెందుకు ఉండకూడదు?

డబ్బు లేదు, స్థలం లేదు అనే జవాబు వస్తుంది. ఆడి కృత్తికకు తిరుత్తణి రండి. లక్షల మంది కావళ్ళతో వస్తారు. ఊరి బయట తాత్కాలిక బస్టాండ్లు, బండ్లు నిలిపే మైదానాలు, నీళ్ళు, దీపాలు అన్నీ ఏర్పాటవుతాయి. కలెక్టరు, పోలీసు, మునిసిపాలిటీ, దేవస్థానం ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. మంచిదే. స్వామి దర్శనానికి వచ్చేది మనమే కదా. అయితే పండుగకు చేతనైన పని మిగతా రోజుల్లో చేతకాదంటే ఎవరు నమ్ముతారు?

జపాన్‌లో 1962లో ఒక చట్టం చేశారు. కారు కొనేవాడు దాన్ని నిలుపుకోవడానికి వీధి కాక వేరే చోటు ఉందని రుజువు చూపితేనే రిజిస్ట్రేషన్. మన దేశంలో 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా బండ్లను కాదు, మనుషులను కదిలించడం ముఖ్యమని రాసుకుంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, నడిచేవాళ్ళకు కాలిబాట జీవించే హక్కులో భాగమని చెప్పింది. రాతలకు కొదవ లేదు.

అడిగేవాళ్ళే లేకుండా చేశారు. 2016లో పదవీకాలం ముగిసిన పట్టణ సంస్థలకు మళ్ళీ ఎన్నికలు 2022 ఫిబ్రవరి 19న జరిగాయి. అయిదేళ్ళకు పైగా అధికారులే కౌన్సిలు. మన జిల్లా గ్రామ పంచాయతీల గడువు 2025 జనవరి 5తో ముగిసి ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి. ఈలోగా 2022లో చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 నుండి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచారు. తిరువళ్ళూరుకు నవనగర ప్రణాళిక అంటున్నారు. ఏ వీధి వెడల్పవుతుందో, ఏ స్థలంలో ఏ భవనం లేస్తుందో అందులో నిర్ణయమవుతుంది. 1971 పట్టణ ప్రణాళిక చట్టం ప్రకారం ఇటువంటి ప్రణాళికపై అభ్యంతరాలకు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఆ ప్రకటన గెజెట్టులో, దినపత్రికలో ఒక మూల వస్తుంది. మగ్గం ముందు నిలబడేవాడు గెజెట్టు చూస్తాడా?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. సరిహద్దు గొడవ మనకు వద్దు, తమిళ కార్మికుడూ మనమూ ఒకే స్టాండులో ఒకే రుసుము కడుతున్నాం. కానీ తెలుగు మాట్లాడే నేత వీధుల్లో ప్రణాళిక నోటీసు తెలుగులోనూ అంటించమని అడగడం న్యాయం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులో రాసింది తీసుకోము అనే అధికారం ఎవరికీ లేదు.

శాఖలు చేయాల్సింది ఇదీ. ఒక్కో వీధికి ఒక్కో అర్జీ రాయండి. సైకిల్ స్టాండు వేలం ఆపి షిఫ్టు కార్మికులకు ఉచితంగా వదలాలని, బోర్డు పెట్టే ముందు చోటు చూపాలని, నూలు దించే వేళలు ప్రకటించాలని, కొత్త కాంప్లెక్సుల కింద గోడౌన్లుగా మారిన పార్కింగును ఖాళీ చేయించాలని అడగండి. పట్టణాల్లో వార్డు కౌన్సిలరుకు ఒక ప్రతి, కమిషనరుకు ఒక ప్రతి ఇవ్వండి. పల్లెల్లో అయితే గ్రామసభలో తీర్మానంగా రాయించండి. మే 1న కూడా గ్రామసభ ఉంటుంది, మర్చిపోకండి. సోమవారం కలెక్టరాఫీసుకు అందరూ పోయి షిఫ్టు పోగొట్టుకోవద్దు, శాఖకు ఇద్దరు చాలు, వాళ్ళ కూలి మిగతావాళ్ళు చందా వేసి ఇవ్వండి. అర్జీ ఇచ్చాక నంబరు, తేదీ ఉన్న రసీదు అడిగి తీసుకుని, దాని నకలు యూనియన్ ఆఫీసుకు పంపండి.