అయిదు ఫిర్యాదులు చాలు.. అవాంఛిత సందేశాలకు కళ్లెం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: తెల్లవారకముందే సెల్‌ఫోన్ మోగుతుంది. తీరా చూస్తే ‘మీకు రెండు లక్షల రుణం మంజూరైంది’ అని ఒక సందేశం, పందెం యాప్‌లో చేరితే బోనస్ అని మరొకటి, దుబాయిలో డ్రైవర్లు కావాలంటూ ఇంకొకటి. నగరవాసికి ఇది విసుగు మాత్రమే. బీడీలు చుట్టే మహిళలు, మరమగ్గాల కార్మికులు, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము కోసం ఎదురుచూసే కుటుంబాలు అధికంగా ఉన్న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో మాత్రం ఇది డబ్బుతో ముడిపడిన వ్యవహారం. భవిష్యనిధి జమ అయిందన్న సమాచారం, బ్యాంకు పంపిన ఓటీపీ, గ్యాస్ సిలిండర్ డెలివరీ కోడ్ ఈ చెత్త కింద కూరుకుపోతున్నాయి. మీటల ఫోన్ల సంగతి మరీ దారుణం. సందేశాల పెట్టె నిండితే కొత్తవి స్వీకరించని పాత ఫోన్లు పల్లెల్లో ఇంకా వాడుకలో ఉన్నాయి. అలాంటి ఫోన్‌తో మీసేవ కేంద్రానికి వెళ్లిన వృద్ధుడు ఓటీపీ రాక, కారణం తెలియక ఉట్టి చేతులతో తిరిగి రావలసిందే.

నిబంధనలు లేక ఈ పరిస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లోనే అవాంఛిత వాణిజ్య కాల్స్, సందేశాలపై తొలి నిబంధనలు తెచ్చింది. 2011 సెప్టెంబరు 27 నుంచి మరింత కఠినమైన విధానం అమలులోకి వచ్చింది. 2018లో కొత్త నియమావళి వచ్చింది. సందేశం పంపే ప్రతి సంస్థ తన పేరును, సందేశం నమూనాను ముందుగా నమోదు చేసుకోవడం తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి ముందుగా నమోదు చేయని లింకులున్న వాణిజ్య సందేశాలను నిలిపివేయాలని టెలికాం కంపెనీలను ఆదేశించారు. ఇన్ని చేసినా బెడద తీరలేదు. ఎందుకు?

డీఎన్‌డీ ఆపేది కొన్నింటినే

1909 నంబరుకు ఆంగ్ల అక్షరాల్లో ‘స్టార్ట్ 0’ అని సందేశం పంపితే డీఎన్‌డీ నమోదవుతుంది. దీనితో సమస్త సందేశాలూ ఆగిపోతాయని చాలామంది భావిస్తున్నారు. మెలిక ఇక్కడే ఉంది. నమోదైన సంస్థలు నిబంధన ప్రకారం పంపే ప్రచార సందేశాలనే ఇది ఆపుతుంది. ఎవరో ఒక సిమ్ కార్డు కొని, పది అంకెల మామూలు నంబరు నుంచి వందల మందికి పంపే సందేశాన్ని ఆపదు. దొంగ వీసాల దళారులు, వేధించే రుణ యాప్‌ల వారు ఎంచుకునే దారి సహజంగా ఇదే. నిబంధన పాటించే దుకాణదారుడి ప్రకటన ఆగిపోతుంది, మోసగాడిది మాత్రం నిక్షేపంగా చేరుతుంది!

ఈ రెండో రకానికి విరుగుడు ఫిర్యాదు ఒక్కటే. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ చేసిన సవరణలు ఈ విషయంలో వినియోగదారుడికి ఎంతో అనుకూలం. వాటికి ఈ ప్రాంతంలో తగిన ప్రచారం లభించలేదనే చెప్పాలి. నమోదు లేని నంబరుపై ఫిర్యాదు చేయాలంటే ముందుగా డీఎన్‌డీలో చేరి ఉండనవసరం లేదు. గతంలో మూడు రోజుల్లోపు ఫిర్యాదు చేయవలసి ఉండగా ఇప్పుడు ఏడు రోజుల గడువు ఇచ్చారు. కంపెనీ చర్య తీసుకోవలసిన వ్యవధిని 30 రోజుల నుంచి 5 రోజులకు కుదించారు. అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పూర్వం ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు వస్తేనే పంపినవారిపై చర్యకు దిగేవారు. ఇప్పుడు పది రోజుల్లో అయిదు వస్తే చాలు. తొలి తప్పుకు ఆ వ్యక్తి ఫోన్ల నుంచి బయటకు వెళ్లే కాల్స్, సందేశాలు 15 రోజులు బంద్. మళ్లీ చేస్తే అన్ని కంపెనీల్లోని కనెక్షన్లూ ఏడాదిపాటు రద్దు.

ఈ లెక్కను కోరుట్ల పరిసర గ్రామాలకు అన్వయించి చూస్తే విషయం బోధపడుతుంది. ఒకే దళారి సందేశం ఒక ఊరిలో యాభై ఇళ్లకు చేరుతుంది. అందులో అయిదుగురు స్పందిస్తే ఆ నంబరు మూగబోతుంది. యాభై మందీ ఎవరికి వారు సందేశాన్ని చెరిపివేసి ఊరుకుంటే, యాభై ఒకటో ఇంట్లో ఒక నిరుద్యోగి పాస్‌పోర్టు పట్టుకుని బయలుదేరుతాడు. విదేశీ ఉద్యోగాలకు 1983 వలస చట్టం కింద లైసెన్సు పొందిన ఏజెంట్లే మనుషులను పంపాలి. వారు వసూలు చేయదగిన సేవా రుసుము గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. లైసెన్సుల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంది. సెల్‌ఫోన్ సందేశంలో లక్షలు అడిగేవాడు ఎవరో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

సిరిసిల్లలో వల రుణాలది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు 2024లో నిలిచిపోయినపుడు పని తగ్గి కార్మికులు అప్పులు వెతుక్కోవలసి వచ్చింది. చేతిలో పని లేనివాడికి ‘పూచీకత్తు లేని రుణం’ అన్న సందేశం ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో రుణ యాప్‌ల వేధింపులకు రాష్ట్రంలో పలువురు ప్రాణాలు తీసుకోగా పోలీసులు అరెస్టులు చేశారు. రుణగ్రహీత ఫోన్‌లోని పేర్ల జాబితా జోలికి యాప్ వెళ్లరాదని రిజర్వు బ్యాంకు 2022లో నిర్దేశించింది. అది అడిగే యాప్ ఏదైనా అనుమానించదగినదే.

పేరు చివరి అక్షరం చూడాలి

సక్రమంగా వచ్చే వాణిజ్య సందేశాల్లో పంపిన సంస్థ పేరు చివర ఇప్పుడు ఒక ఆంగ్ల అక్షరం ఉంటోంది. ‘పి’ అంటే ప్రచారం, ‘ఎస్’ సేవలు, ‘టి’ లావాదేవీలు, ‘జి’ ప్రభుత్వం. బ్యాంకు పేరు చెప్పి మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చిన సందేశాన్ని నమ్మరాదు. కొందరు విసిగిపోయి బ్యాంకు పేరునే ఫోన్‌లో బ్లాక్ చేస్తున్నారు. దానితో ఖాతా నుంచి సొమ్ము పోయినా తెలియకుండా పోయే ప్రమాదం ఉంది.

ఫిర్యాదు చేసే తీరులోనే అసలు ఇబ్బంది. సందేశం పాఠం, పంపినవారి నంబరు, వచ్చిన తేదీ కలిపి 1909కు పంపాలి. అమెరికా, బ్రిటన్‌లలో వచ్చిన సందేశాన్ని 7726 నంబరుకు పంపితే అక్కడి నుంచి విచారణ మొదలవుతుంది. బీడీ కార్మికురాలు మీటల ఫోన్‌లో ఆంగ్ల అక్షరాలు, తేదీ కూర్చుకుని పంపగలదా అన్న ఆలోచన నిబంధనలు రాసినవారికి వచ్చినట్లు లేదు. 1909కు నేరుగా ఫోన్ చేసే వీలుంది కనుక ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉన్నవారు వారి సాయం తీసుకోవచ్చు. మహిళా సంఘాల నెలవారీ సమావేశాల్లో ఈ పని నేర్పితే అయిదు ఫిర్యాదులు ఒక్కపూటలో సమకూరుతాయి.

వాట్సాప్‌లో వచ్చేవి 1909 పరిధిలోకి రావు. వాటిపై కేంద్ర టెలికాం శాఖ 2024 మార్చిలో సంచార్ సాథీ పోర్టల్‌లో ప్రారంభించిన ‘చక్షు’లో ఫిర్యాదు చేయాలి. సొమ్ము పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. డబ్బు మరో ఖాతాకు మళ్లేలోగా సమాచారం అందితేనే దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది.